తోక ఉన్న నంబర్లు

చెప్పకూడని ఊరు,
వాన వెలిసిన సాయంత్రం

అన్నయ్యకి,

క్షేమంగా చేరాం. ఈ రెండు మాటలు రాయడానికి ఇన్నాళ్లు ఎందుకు పట్టిందో చెబుతాను, అలక మాని చదువు.

నీ బోర్డుల బండిలో, ‘ఇచ్చట నొప్పి లేకుండా పళ్లు పీకబడును’ అన్న ఆ పెద్ద రేకు చాటున నన్నూ చిన్నదాన్నీ కూర్చోబెట్టి, పైన గోనె కప్పి, తీసుకెళ్లి బస్సు ఎక్కించావు కదా. దారిలో అతని పార్సిలు వ్యాను వచ్చి పక్కనే ఆగింది. నువ్వు తొణక్కుండా కిందకి దిగి, “బావగారూ, మీ పళ్లెలా ఉన్నాయి?” అని పలకరించావు. గోనె కింద చిన్నదానికేమో నవ్వు ఆగలేదు. దాని నోరు మూసి పట్టుకున్న చెయ్యి, అతను విరిచిన చెయ్యే. అప్పుడు మాత్రం నొప్పి తెలియలేదు.

బస్సు దిగాక నువ్వు చెప్పిన వకీలమ్మ దగ్గరికి వెళ్లాను. నాకు తెలియని సంగతి ఆవిడ చెప్పింది. మాలాంటి వాళ్లు ఇల్లెక్కడో దాచుకోవచ్చని చట్టమే ఉందిట. కోర్టువారు కాగితం ఇచ్చారు. దాంతో మన ఊళ్లోనే ఉన్న ఒక ఆఫీసులో నా పేరున ఒక పెట్టె, దానికో నంబరు. ఇకనుంచి నా చిరునామా అదే. బడైనా, బ్యాంకైనా, ఆసుపత్రైనా అదే రాసుకోవాలి, ఇంకోటి అడగకూడదు. అసలు ఇల్లు ఎక్కడో ఆ ఆఫీసులో తాళం వేసి ఉంటుంది.

నువ్వు కూడా ఆ పెట్టెకే రాయాలి. అక్కడ కళ్లద్దాల మేడమ్ ఒకావిడ ఉన్నారు. నీ కవరు మీద ఇంకో కవరు వేసి నాకు పంపుతారు. నావీ అలాగే నీకు వస్తాయి.

ఏ ఊరని అడగకు. నీ మీద నమ్మకం లేక కాదన్నయ్యా. అతను నీ దుకాణానికి తప్పకుండా వస్తాడు. అప్పుడు నా కోసం నువ్వు దాచాల్సినది ఏదీ ఉండకూడదు. దాచిందే లేకపోతే నిన్ను ఎంత పిండినా ఏం రాలుతుంది?

వదినకి నమస్కారాలు. ఆవిడ గోనెలో పెట్టిన దుప్పటి కప్పుకునే రాస్తున్నాను.

నీ ఉడుత

*

రంగుల దుకాణం, ముందు గది
(వెనక గదిలోంచి మీ వదిన నన్ను తిడుతున్న సమయం)

ఉడుతా,

నీ ఉత్తరం అందింది. పైన కవరు, లోపల ఇంకో కవరు, దాని లోపల నువ్వు. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలిచాను. కళ్లల్లో నీళ్లు కూడా అలాగే వచ్చాయి. మీ వదినతో మాత్రం రంగు ఘాటని చెప్పాను.

అలక మానమన్నావు కాబట్టి కాసేపు అలిగాకే మానతాను. నీ ముక్కు తుడిచి పెంచినవాణ్ణి, నాకే ఊరు చెప్పవా? కాగితం వాసన చూశాను, సబ్బు వాసన వచ్చింది. అంటే బట్టలుతుకుతున్నావా? లేక సబ్బులమ్ముతున్నావా? స్టాంపు మీద ముద్ర చూద్దామంటే ఆ కళ్లద్దాల మేడమ్ తన ముద్రే కొట్టి పెట్టింది. ఆవిడ దగ్గర నా ఆటలు సాగేలా లేవు.

నువ్వన్నట్టే మీ వ్యాను దొర వచ్చాడు. నా బల్ల మీద కూర్చుని, నా చేతిలో టీ తీసుకుని తానే తాగేశాడు.

“బావా, నేను మారిపోయాను. ఒక్కసారి మాట్లాడాలి, అంతే. ఎక్కడుందో చెప్పు.”

“తెలీదు బావా.”

“అబద్ధం.”

“నీ వ్యాను మీద ఒట్టు.”

“నువ్వు పుట్టాక ఒక్క నిజమైనా చెప్పావా?”

నేను నిజాయితీగా ఆలోచించాను. ఒక్కటీ గుర్తురాలేదు. నా జీవితంలో మొట్టమొదటిసారి నిజం చెబితే నమ్మేవాడే లేకపోయాడు చూడు. వాడికి కోపం వచ్చి నా కాలరు పట్టుకున్నాడు. కాలరు నిండా ఆరని ఎర్ర రంగు. కిరసనాయిలుకి కూడా లొంగని రంగది. ఆ చేత్తోనే ఊరంతా స్టీరింగు తిప్పుతున్నాడు.

వాడు వెళ్లాక నీ ఉత్తరం మళ్లీ చదివాను. ‘దాచిందే లేకపోతే’ అన్న చోట ఆగాను. అలక అక్కడ పోయింది. కాలరు పట్టుకున్నప్పుడు నా బుర్రలో ఒక్క ఊరి పేరు ఉన్నా, నా కళ్లు అటు తిరిగేవేమో. నన్ను నువ్వు అంత బాగా ఎరిగి ఉన్నందుకు సంతోషం. ఆ చట్టం రాసిన వాళ్లెవరో తెలిస్తే వాళ్లింటికి ఉచితంగా బోర్డు రాసిపెడతాను.

బోర్డంటే గుర్తొచ్చింది. ఎక్కడున్నా నా చెల్లెలి గుమ్మం మీద ఇంకొకడి చేతి నంబరు ఉండటానికి వీల్లేదు. కానీ నీ ఇంటి నంబరేదో నాకు తెలియకూడదు కదా. బుర్ర గోక్కుని, సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ విడివిడి రేకుల మీద రాశాను. ఒకే అంకె మళ్లీ మళ్లీ వస్తుందేమోనని తలా కొన్ని చేశాను. అన్నిటికీ తోకలున్నాయి. నీకు ఉడుత అని పేరు పెట్టిన రోజు నుంచి నా ప్రతి అంకె చివరా ఆ తోక పైకి లేచి వంకర తిరుగుతుంది కదా. కావాల్సినవి బిగించుకో. మిగిలినవి తిరిగి పంపకు. నేను తక్కువ చదివినా తీసివేతలు వచ్చు.

మణికట్టు ఎలా ఉంది? దాంతో బరువులు ఎత్తకు.

మీ అన్నయ్య

*

చెప్పకూడని ఊరు,
ఎండ పడుతున్న గడప

అన్నయ్యకి,

పార్సిలు విప్పగానే చిన్నది “మామయ్య తోకలొచ్చాయి” అని గంతులేసింది. నంబరు బిగించాం. పక్కింటావిడ వచ్చి చూసి, “ఎవరు రాశారమ్మా, ఇంత ముద్దుగా ఉంది” అంది. బజార్లో కొన్నానని చెప్పాల్సి వచ్చింది. నిన్ను బజారు సరుకు చేసినందుకు క్షమించు. మిగిలిన అంకెలు నేల మీద పేర్చి చిన్నది కూడికలు నేర్చుకుంటోంది. వాటిలో ఏవేవి ఉన్నాయో చెప్పను.

మణికట్టు నయం. పని దొరికింది. ఏం పనో చెప్పను కానీ, రోజంతా తెల్లటి గుడ్డల మధ్య ఉంటాను, చేతులు శుభ్రంగా ఉంటాయి, ఎవరూ గట్టిగా అరవరు. ఒక గది, ఒక వంటగది. గడియ లోపలినుంచి నేనే వేసుకుంటాను. గడియ చప్పుడు ఇంత హాయిగా ఉంటుందని ఇన్నాళ్లూ తెలియలేదు.

చిన్నదాన్ని బళ్లో వేయడానికి వెళ్లిన సంగతి వింటావా? గుమాస్తా పెట్టె ఆఫీసువాళ్లు ఇచ్చిన నా కార్డు చూసి, “ఇది ఆఫీసు చిరునామా కదమ్మా. పిల్ల ఇల్లెక్కడ?” అన్నాడు.

“అదేనండీ మా చిరునామా.”

“అంటే పిల్ల పెట్టెలో పడుకుంటుందా?” అని పక్కాయనతో కలిసి నవ్వాడు.

నీ చెల్లెల్ని కదా, ఊరుకుంటానా? “మూత తీసే పడుకోబెడతానండీ” అన్నాను. ఇంతలో పెద్ద టీచరమ్మ వచ్చి కార్డు వెనక్కి తిప్పి, అక్కడ అచ్చేసిన చట్టం మాటలు చదివింది. ఆవిడ మొహం మారిపోయింది. “రాసుకోండి. ఇంతకు మించి అడిగే హక్కు మనకి లేదు” అని గుమాస్తాతో అని, నా వైపు తిరిగి, “మీ అమ్మాయిని ఇక్కడ ఎవరొచ్చి అడిగినా మేం చెప్పం” అంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చానన్నయ్యా. బాధతో కాదు. తెలియని మనుషులు ఇంతమంది నా తలుపుకి అడ్డంగా నిలబడ్డారు కదా, అందుకు.

పిల్లని చూడాలి, చిరునామా ఇప్పించండని అతను కోర్టుకెళ్లాడట. నోటీసు కూడా పెట్టెకే వచ్చింది. భయంగానే ఉంది. కానీ వకీలమ్మ ధైర్యం చెప్పింది.

నీ ఉడుత

*

దుకాణం, నిలబడే రాస్తున్నాను

ఉడుతా,

ఇది నీకు చేరేలోపే మేడమ్ ఫోన్ చేసి ఉంటారు. చేయకపోతే ముందు లే. స్క్రూడ్రైవరు తీసుకుని గుమ్మం మీద నా అంకెలు పీకేయ్. తర్వాత వచ్చి చదువు.

పీకావా? విను.

వాడు మళ్లీ వచ్చాడు. ఈసారి టీ లాక్కోలేదు. ఆరబెట్టిన రేకుల ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

“ఈ తోకలు ఎక్కడున్నా గుర్తుపడతాను బావా. మా గుమ్మం మీద రోజూ చూసినవే. ఇలా ఇంకెవరూ రాయరు కదూ?”

నా సంగతి తెలుసుగా, పొగిడితే చాలు పొంగిపోతాను. “ఈ భూమ్మీద ఎవడూ రాయలేడు!” అన్నాను, ఎర్ర కాలరు ఎగరేసి.

వాడు మెల్లిగా నవ్వాడు. “చెల్లెలికి నంబరు రాసిపెట్టకుండా ఉండవు నువ్వు. మా పార్సిళ్లు ఎన్ని ఊళ్లకి వెళ్తాయో తెలుసా? గుమ్మం గుమ్మానికీ దిగేవాణ్ణి. చూస్తుంటాను” అని వెళ్లిపోయాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఊరి పేరు తెలియకుండా, వీధి తెలియకుండా, నంబరు తెలియకుండా, నీ ఇంటికి నేనే జెండా పాతానే! కోర్టూ చట్టమూ ఆఫీసూ ఇంతమంది కలిసి దాచినదాన్ని నేను ముద్దుగా తోకపెట్టి బయటపెట్టాను.

దుకాణం తీసి ఉంచే పరిగెత్తాను పెట్టె ఆఫీసుకి. అద్దం కిటికీ వెనక మేడమ్ ఉన్నారు.

“మా చెల్లెలికి ఇప్పుడే కబురు పంపాలి మేడమ్.”

“ఎవరా చెల్లెలు?”

“మీ దగ్గర పెట్టె ఉన్న...”

“అలాంటి వాళ్లు ఇక్కడ ఉన్నారో లేదో నేను చెప్పకూడదండీ.”

“సరే, లేదనుకోండి. ఆ లేని ఆవిడకే చెప్పండి, తలుపు మీద అంకెలు తీసేయమని. వాటిని చూసి వాడు పట్టేస్తాడు.”

ఆవిడ కళ్లద్దాల పైనుంచి నన్ను తలనుంచి కాలిదాకా చూశారు. నా మొహం ఎలా ఉందో ఏమో. “లేని ఆవిడకి ఇప్పుడే చెబుతాను. మీరు కూర్చుని నీళ్లు తాగి వెళ్లండి” అన్నారు. ఫోను తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. నాకు ఒక్క ముక్క వినపడనివ్వలేదు. ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

నన్ను తిట్టి జవాబు రాయి.

మీ అన్నయ్య

*

చెప్పకూడని ఊరు

అన్నయ్యకి,

మేడమ్ ఫోను రాగానే తీసేశాను. తలుపుకి స్క్రూల కన్నాలు మాత్రం మిగిలాయి. పార్సిలు వ్యాన్లు మా వీధిలోకీ వస్తాయి. అతని వ్యాను వచ్చిందో లేదో తెలియదు. వచ్చి ఉంటే ఈపాటికి తలుపు తట్టేవాడు అనుకుంటున్నాను. తెల్ల వ్యాను హారను వినపడితే చాలు, చిన్నదాన్ని వంటగదిలోకి లాక్కుపోతున్నాను.

తిట్టమన్నావు. ఎందుకు తిడతాను? ఈ గదికి నా ఇల్లు అన్న కళ నీ అంకెలతోనే వచ్చింది. “అమ్మా, ఉడుతకి తోక ఎందుకు కోసేశాం?” అని చిన్నది అడిగింది. ఏం చెప్పను?

కావాలంటే ఇంకో చోటికి మారుస్తామని మేడమ్ అన్నారు. మారడం కష్టం కాదు, ఉన్నది ఒక దుప్పటీ రెండు గిన్నెలూ. కానీ చిన్నదానికి ఇక్కడ ఒక స్నేహితురాలు దొరికింది. నాకూ ఈ గడియ చప్పుడు అలవాటైంది. మళ్లీ గోనె కింద దూరాలని లేదన్నయ్యా. కొన్నాళ్లు చూస్తానని చెప్పాను.

నీ ఉడుత

*

రంగుల దుకాణం, నేలంతా రేకు ముక్కలు

ఉడుతా,

నువ్వు ఎక్కడికీ మారక్కర్లేదు. ఎందుకో చెబుతాను, నవ్వకు. సరే, నవ్వు.

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. మీ వదిన కంచం ముందు పెట్టి, “అంత బాధైతే ఇక తోకలు రాయడం మానేయండి” అంది. మానితే ఏం లాభం? రాసినవి పోవు. వాడి కళ్లలో పడ్డ తోక పోదు. అప్పుడు తట్టింది. ఒక్క తలుపుకి తోక ఉంటే అది జాడ. ప్రతి తలుపుకీ ఉంటే అది ఫ్యాషను!

అచ్చు రేకులు కోశాను. వాటిని తలుపుకి ఆనించి మీద కుంచె తిప్పితే చాలు, అచ్చం నా తోకే పడుతుంది. నాకు తెలిసిన బోర్డు పెయింటర్లందరికీ పంపాను. ఏ ఊళ్లో ఎవడున్నాడో నీకెందుకు, నాకు మాత్రం ఊరికొకడు ఉన్నాడు. పెయింటర్ల సంగతి నీకు తెలియదు. ఇంకొకడి చేతిరాత తన బోర్డు మీద పడనివ్వడం కన్నా నిచ్చెన మీంచి దూకడం నయం అనుకునే జాతి. ఒకడు ఫోను చేసి, “ఇన్నాళ్లూ నా తోకని ఎవడూ ముట్టకూడదన్నావు, ఇప్పుడు ఊరూరా పంచుతున్నావు. పోతున్నావా ఏంటి?” అని అడిగాడు. ఎందుకో చెప్పలేదు. “నా కోసం కాదు, ఒక ఆడపిల్ల కోసం” అన్నాను, అంతే. వాడు ఇంకేమీ అడగలేదు. మర్నాటికల్లా వాళ్ల వీధిలో తోకలు లేచాయి.

భూమ్మీద ఎవడూ రాయలేడన్నానే, ఆ గొప్ప పోయింది. పోనీ. నా దగ్గరున్న ఒక్క గొప్పా నీకు పనికొస్తే అంతకన్నా ఏం కావాలి? ఉడుతాభక్తి అనుకో.

ముందే మేడమ్‌ని కూడా అడిగాను. “నంబర్లు రాయడం నేరమా మేడమ్?” అని.

“కాదు. కానీ ఆమెని వెతుక్కుంటూ మీరే ఊరూరా తిరిగితే మాత్రం ఊరుకోను.”

“లేని ఆవిణ్ణి ఎలా వెతుకుతానండీ?”

ఆవిడ నవ్వారు. ఆ మొహానికి నవ్వు వస్తుందని నేను అనుకోలేదు.

అందుకే నేను ఇక్కడే ఉంటాను. నా తోకలే ఊరూరా తిరిగి వస్తాయి.

మీ అన్నయ్య

*

చెప్పకూడని ఊరు,
కిటికీ తెరిచి ఉంచి

అన్నయ్యకి,

జడ్జిగారు తీర్పు ఇచ్చారు. చిరునామా ఇవ్వనన్నారు. పిల్లని చూడాలంటే కోర్టులోనే, వాళ్ల ఎదురుగానే అన్నారు. తను గానీ, మనుషుల్ని పెట్టి గానీ నన్ను వెతకకూడదని కాగితం మీద రాసి అతనితో సంతకం చేయించారట. వకీలమ్మ రెండుసార్లు చదివి వినిపించింది.

ఇంకో సంగతి. ఊరు చెప్పను. నిన్న పాలు తేవడానికి వెళ్తే పక్క వీధి మూల మీద మందుల కొట్టుకి తోక కనిపించింది. దాని పక్కన టైలరు తలుపుకి ఇంకోటి. చిన్నది నా చెయ్యి గిల్లింది. నేనూ దానిది గిల్లాను. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా, నవ్వు ఆపుకుంటూ ఇంటిదాకా వచ్చాం. ఎప్పుడూ చూడని పెయింటరు ఒకాయన మా కోసం నిచ్చెన ఎక్కాడు కదా. ఆయనెవరో తెలియదు. చూస్తే పలకరించను కూడా. నీ ద్వారా చెబుతున్నాను, ఆయన చేతులు చల్లగా ఉండాలి.

మారనని మేడమ్‌కి చెప్పేశాను.

నీ ఉడుత

*

రంగుల దుకాణం,
తీరిగ్గా, టీ నా చేతిలోనే ఉంది

ఉడుతా,

కూర్చునే చదువు.

మీ దొర పాపం, కాళ్లకి బలపం కట్టుకుని తిరిగాడు. తోక కనపడిన చోటల్లా వ్యాను ఆపాడు. కోర్టువారు వద్దన్నా ఆగలేదు. ఒక గుమ్మంలో ముసలాయన వాడి మీదకి కుక్కని వదిలాడు. ఇంకో గుమ్మంలో పళ్ల డాక్టరు నోరు తెరవమన్నాడు. వాడికి తల ప్రాణం తోకకొచ్చింది. అది కూడా నా తోకే. ఒకచోట మాత్రం తలుపు తీసింది పోలీసావిడ. యూనిఫాం లేదు కాబట్టి వీడికి తెలియలేదు.

“ఈవిడ ఇక్కడుంటుందా?” అని నీ ఫోటో చూపించాడట.

“మీకేమవుతుంది?”

“నా భార్య.”

“మీ భార్య ఇల్లు మీకెందుకు తెలీదు?”

ఆవిడ వాణ్ణి లోపల కూర్చోబెట్టి ఫోను చేసింది. కోర్టు కాగితం బయటపడింది. పార్సిలు కంపెనీ తాళాలు లాక్కుంది. జడ్జిగారు మాటంటే మాటే అని లోపల వేయించారు. బయటికొచ్చినా ఆ కాగితం వాడి నెత్తి మీదే ఉంటుందని వకీలమ్మ అంది.

పట్టుకెళ్లే ముందు, దుకాణం ఎదురుగా జీపు ఆపినప్పుడు, వాడు నన్ను చూసి, “ఇదంతా నువ్వే చేశావు” అన్నాడు. “నేనేం చేశాను బావా, అంకెలు వేశాను” అన్నాను. వాడి చేతి మీద ఎర్ర రంగు మరక ఇంకా పోలేదు. నవ్వు రాలేదు. వాడూ ఒకనాడు మన ఇంటి బంతిలో కూర్చుని తిన్నవాడే. కానీ ఆ వేళ మీ వదిన ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచిపెట్టింది.

కొన్నాళ్లు నా ఉత్తరం రాదు. నేస్తం ఒకడు నిచ్చెన మీంచి పడ్డాడు. ఒప్పుకున్న పని సగంలో ఉంది, ఒక వీధి మొత్తం నంబర్లు రాయాలట. నన్ను రమ్మన్నాడు. ఎక్కడికని అడక్కు, నేనూ చెప్పను. లెక్క సరిపోయింది.

మీ అన్నయ్య

*

చెప్పకూడని ఊరు,
అదే కిటికీ పక్కన

అన్నయ్యకి,

ఒకటి చెప్పాలి. చెప్పకూడదేమో కూడా. మేడమ్‌ని అడిగితే, “ఊరు రాయకుండా ఏమైనా రాసుకోండమ్మా” అన్నారు.

పొద్దున్న మా వీధిలో ఎవరో శ్రుతి లేకుండా పాడుతున్నారు. ఆ గొంతు వినగానే చేతిలో దుప్పటి వదిలేశాను. తెర సందులోంచి చూస్తే ఎదురింటి గోడకి నిచ్చెన, నిచ్చెన మీద చిక్కిపోయిన ఒక వీపు. దిగేటప్పుడు ఎడమ మోకాలు పట్టుకుని మెల్లిగా దిగుతోంది. ఎదురింటి ముసలావిడ, “తోక ఎందుకు నాయనా, నంబరు చాలదా?” అంటే, “తోక లేకపోతే నంబరు బోర్లా పడిపోతుంది బామ్మగారూ” అంటున్నావు. ఆవిడ పకపకా నవ్వింది. చిన్నది పరిగెత్తుకొచ్చి మామయ్యా అనబోయింది. నేను దాని నోరు మూయబోయేలోగా అదే తన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. గోనె కింద నేర్చుకున్న పాఠం.

నువ్వు ఒక్కో ఇల్లూ దాటి మా గుమ్మానికి వచ్చి తలుపు తట్టావు.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని “ఎవరు?” అన్నాను.

“నంబరు రాస్తానమ్మా. ఏ నంబరు?”

చెప్పాను. ఆ తర్వాత నీ కుంచె చప్పుడు వినపడలేదు. తలుపుకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. అవతల నీ వేళ్లు మెల్లిగా ఆ స్క్రూల కన్నాలు తడుముతున్నట్టు తెలిసింది. తలుపు తీయాలనిపించింది. అతను జైల్లోనే ఉన్నాడు, భయమేముంది అనుకున్నాను. కానీ తీస్తే ఇక జీవితమంతా నువ్వు మోయాలి. ఆ బరువు నీ మీద పెట్టడానికా ఇంతమంది ఇన్ని కవర్లు మార్చింది? తీయలేదు. కిటికీ గట్టు మీద గ్లాసుతో నీళ్లు మాత్రం పెట్టాను.

నువ్వు వెళ్లాక తలుపు తీశాను. కన్నాలకి లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, అసలు ఎప్పుడూ లేనట్టు నున్నగా చేశావు. నీళ్లు తాగి గ్లాసు బోర్లించి పెట్టావు, మనింట్లో లాగే. నంబరు బాగుంది. కానీ మా గుమ్మంలోంచి కనిపించినంత మేర అందరికీ తోక పెట్టి, మా తలుపుకి మాత్రం పెట్టలేదు. ఎందుకన్నయ్యా?

తెలిసిందా నీకు? అడగను. అడిగినట్టు అనుకోకు.

గ్లాసు ఇంకా కడగలేదు.

నీ ఉడుత

*

రంగుల దుకాణం, ముందు గది
(వెనక గది నిశ్శబ్దం. మీ వదిన ఇది చదివి, మొహం కడుక్కోవడానికి వెళ్లింది)

ఉడుతా,

నాకేం తెలుసు? ఏ వీధి, ఏ ఊరు? బస్సులో నిద్రపోతూ వెళ్లాను, నిద్రపోతూ వచ్చాను. ఎన్నో తలుపులకి లప్పం పెట్టాను. ఎన్నో గుమ్మాల్లో నీళ్లు తాగాను. నంబర్లు అప్పుడే మర్చిపోయాను. మోకాలు నొప్పి అన్నావు, నాకు రెండు మోకాళ్లూ నిక్షేపంలా ఉన్నాయి. నువ్వు చూసింది ఇంకెవరినో.

వాడు బయటికొచ్చి మళ్లీ అడిగితే తెలీదనే చెబుతాను. అప్పుడు నిజం చెబితే నమ్మలేదు. ఈసారి మాత్రం నమ్ముతాడు. అబద్ధం చెప్పడం నాకు చేతనైన పని కదా.

కళ్లద్దాల మేడమ్ టేబులు మీదకి పేరు పలక రాసి పట్టుకెళ్లాను. “బహుమతులు తీసుకోకూడదండీ” అన్నారు. “బహుమతి కాదు మేడమ్, లేని ఆవిడ అన్నయ్య లేని పలక ఇచ్చాడనుకోండి” అన్నాను. అయినా తీసుకోలేదు. నేను గుమ్మం దాటేదాకా మాత్రం లేచి నిలబడే ఉన్నారు. అది చాలు. పలక ఇంటికి తెచ్చి మన గోడకే కొట్టాను. దాని మీద ఆవిడ పేరు లేదు. ‘ఇక్కడ అడగకూడదు, చెప్పకూడదు’ అని రాశాను. మీ వదిన దాన్ని రోజూ తుడుస్తోంది.

ఆ నేస్తానికి కాలు నయమైంది. ఆ వీధిలో తోక లేకుండా వదిలేసిన గుమ్మాలు కొన్ని ఉన్నాయట, రంగు అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందన్నాను. అది కూడా అబద్ధమే, డబ్బాలో సగం మిగిలింది.

తోక లేనిది ఒక్కటే అయితే అదీ జాడే కదా, అందుకే ఆ కొన్నిటినీ వదిలాను. అందులో ఒక్క గుమ్మానికి మాత్రం కుంచె ఎత్తి, తోక దగ్గరికి వచ్చి ఆపేశాను. ఉడుత లోపల ఉన్న ఇంటికి బయట తోక ఎందుకు?

గ్లాసు కడిగేసేయ్. చీమలు పడతాయి.

మీ అన్నయ్య